రెండేళ్ళ క్రితమే డెప్రికేట్ చేసిన (అంటే ఇక వాడొద్దని చెప్పిన) ఫంక్షన్ తీసేస్తే రాత్రిపూట తనంతట తానే నడిచే ప్రోగ్రామ్ (జాబ్) పడిపోయింది, తప్పు నాదేనా?

పాత_బాకీ

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మాది హైదరాబాద్‌లో ఒక కంపెనీ, క్లయింట్లలో సగం మంది ఇక్కడివాళ్ళు, సగం మంది అమెరికా వాళ్ళు. అన్ని టీములూ వాడుకునే ఒక పైథాన్ లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) ఉంది, దాన్ని చూసుకునేది నేనూ ఇంకొకతనూ. అందులో పార్స్_డేట్ అని ఒక ఫంక్షన్. ఎవరో ఎప్పుడో రాసి కంపెనీ మారిపోయారు. దానికి ఫార్మాట్ చెప్పక్కర్లేదు, ఏ స్ట్రింగ్ ఇచ్చినా అదే ఊహించుకుని తేదీ చేసి ఇస్తుంది. 13/04/2023 ఇస్తే ఏప్రిల్ 13 వస్తుంది, బాగానే ఉంది. 03/04/2023 ఇస్తే మాత్రం మార్చి 4 వస్తుంది. ఎందుకంటే లోపల డేట్‌యూటిల్ అనే తేదీల లైబ్రరీని పిలుస్తుంది, అది మామూలుగా మొదటి అంకెని నెల అనుకుంటుంది, ఆ అంకె 12 దాటితే చప్పుడు చేయకుండా తిప్పేసుకుంటుంది. మన పద్ధతిలో రోజు ముందు రాసిన ఫైలు ఇచ్చారనుకోండి, ఏడాదిలో 132 రోజులు తప్పుగా, మిగతా 233 రోజులు కరెక్ట్‌గా వస్తాయి (కావాలంటే లెక్కేసుకోండి, 12 నెలల్లో మొదటి 12 రోజులు, అందులోంచి 01/01, 02/02 లాంటి పన్నెండూ తీసేయాలి). మొత్తం తప్పొస్తే ఎవరో ఒకరు మొదటిరోజే పట్టుకునేవాళ్ళు, మూడొంతుల్లో రెండొంతులు కరెక్ట్‌గా వస్తుంది కాబట్టే ఇన్నేళ్ళు ఎవరికీ అనుమానం రాలేదు. ఇంకో గొడవ, దానికి ఏమీ అర్థం కాకపోతే ఎర్రర్ ఇవ్వదు, నన్ (None, అంటే "ఏమీ లేదు") ఇచ్చి ఊరుకుంటుంది.

రెండేళ్ళ క్రితం దీని బదులు రీడ్_డేట్ అని కొత్తది రాశాం. ఫార్మాట్ చెప్పి తీరాలి, అర్థం కాకపోతే ఎర్రర్ వస్తుంది. పాతదాని డాక్‌స్ట్రింగ్‌లో (కోడ్‌లోనే రాసే వివరణలో) డెప్రికేటెడ్ అని రాశాం, లోపల డెప్రికేషన్ వార్నింగ్ పెట్టాం, రిలీజ్ నోట్స్‌లో రాశాం, మెయిల్ కూడా పంపాం. పోయిన వారం 3.0 రిలీజ్ చేసి పాతదాన్ని తీసేశాం. మేజర్ వెర్షన్ (మొదటి అంకె, పాత కోడ్ విరగొచ్చని చెప్పే గుర్తు) మార్చాం కదా, ఇంకేం, అనుకున్నాను.

ఒక టీము వెర్షన్ పిన్ చేసుకోలేదట, అంటే ఫలానా వెర్షనే కావాలని కట్టేసుకోలేదు. రాత్రి రెండింటికి వాళ్ళ జాబ్ లేటెస్ట్ తెచ్చుకుని అక్కడికక్కడే పడిపోయింది. పొద్దున్నే మేనేజర్లతో కాల్. "నడుస్తున్నదాన్ని ఎందుకు కదిపావు" అని ఒకటే మాట. చివరికి 3.0.1లో పాత ఫంక్షన్ మళ్ళీ పెట్టాను.

ఇప్పుడు నా ప్రశ్న. రెండేళ్ళు చెప్పినా కదలని వాళ్ళని ఎలా కదపాలి? లేకపోతే ఆ దరిద్రాన్ని జీవితాంతం మోయడమేనా?

---

మధ్యాహ్నం_డిప్లాయ్

చెప్పారు నిజమే, కానీ ఎవరికీ వినపడి ఉండదు. పైథాన్‌లో డెప్రికేషన్ వార్నింగ్ మామూలుగా కనపడదండీ. 2.7, 3.2 నుంచి దాన్ని డిఫాల్ట్‌గా దాచేస్తున్నారు. 3.7లో కాస్త సడలించారు, నేరుగా రన్ చేసే స్క్రిప్టులోంచి పిలిస్తే కనిపిస్తుంది, ఇంకో మాడ్యూల్ లోపల్నుంచి పిలిస్తే మళ్ళీ మౌనమే. మీ టీముల కోడ్‌లో 99 పాళ్ళు మాడ్యూల్స్ లోపలే ఉంటుంది కదా. పైటెస్ట్ (టెస్టులు నడిపే టూల్) రన్ చేస్తే చివర్లో చూపిస్తుంది, కానీ అక్కడ వార్నింగ్స్ ఎంత పొడుగు లిస్టు ఉంటుందో, దాన్ని ఎవరు చదువుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇంకోటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. వార్నింగ్ పెట్టినప్పుడు స్టాక్‌లెవెల్ 2 అని (మీ ఫంక్షన్‌ని పిలిచినవాడి లైన్ చూపించమని) ఇచ్చారా? ఇవ్వకపోతే వార్నింగ్‌లో కనపడే ఫైలు, లైన్ నంబర్ మీ లైబ్రరీవే అవుతాయి. చూసినవాడు కూడా "ఇదేదో లైబ్రరీ వాళ్ళ గొడవ" అనుకుని వదిలేస్తాడు. పైగా 3.7లో ఇచ్చిన ఆ కాస్త సడలింపు కూడా పనిచేయదు, ఎందుకంటే వార్నింగ్ స్క్రిప్టు పేరు మీద కాకుండా మీ మాడ్యూల్ పేరు మీద పడుతుంది.

పెద్ద లైబ్రరీల పరిస్థితీ ఇంతే. లెక్కల లైబ్రరీ నంపైలో ఎన్‌పీ.ఇంట్, ఎన్‌పీ.ఫ్లోట్ అనే మారుపేర్లు ఉండేవి. 2021 జనవరిలో 1.20తో డెప్రికేట్ చేశారు, 2022 డిసెంబర్‌లో 1.24తో తీసేశారు. దాదాపు రెండేళ్ళు, మీ అంతే టైమ్. అయినా తీసేసిన రోజు నుంచి ఆ ఎర్రర్ గురించి అడగనివాడు పాపాత్ముడు. వాళ్ళు చేసిన మంచి పని ఒకటుంది. పేరు తీసేసినా దాని సమాధి మీద రాయి వదిలిపెట్టారు. వాడితే "అలాంటి పేరు లేదు" అని మొహం మీద తలుపేయకుండా, ఇది ఫలానా వెర్షన్‌లో డెప్రికేట్ అయింది, దీని బదులు మామూలు ఇంట్ వాడుకోండి అని ఆ ఎర్రర్ మెసేజ్‌లోనే చెప్తుంది. రాత్రి రెండింటికి లేచినవాడికి కావాల్సింది ఆ ఒక్క లైనే. మీ 3.0లో ఏం వచ్చింది? ఉత్త ఇంపోర్ట్ ఎర్రరేనా?

---

పాత_బాకీ

ఉత్త ఇంపోర్ట్ ఎర్రరే 😞 స్టాక్‌లెవెల్ కూడా ఇవ్వలేదు, ఇప్పుడే చూశాను. రెండేళ్ళు గోడకి చెప్పుకున్నానన్నమాట.

---

స్ప్రింట్_బాధితుడు

నేను అవతలి ఒడ్డున ఉన్నవాణ్ణి, మా కంపెనీలో ఇలాంటి లైబ్రరీలు వాడుకునే టీములో. కాస్త ఘాటుగానే చెప్తాను బ్రో.

వార్నింగ్ కనపడలేదు అనేది సగం నిజం. కనపడినా మేము చేయం. ఎందుకంటే నీ ఫంక్షన్ మార్చడం మా స్ప్రింట్‌లో (పని విడతలో) ఎవరికీ అక్కర్లేని టికెట్. మార్చితే ఎవరూ మెచ్చుకోరు, మార్చేటప్పుడు ఏదైనా విరిగితే మాత్రం మా పేరే బయటికొస్తుంది. నీ లైబ్రరీ నీట్‌గా ఉండాలన్న ముచ్చట నీది, ఖర్చు మిగతా టీములది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉంటుంది వ్యవహారం.

నువ్వే చెయ్యి. నిజంగానే చెప్తున్నా. ఓపెన్ సోర్స్ వాళ్ళకి తమని ఎవరు వాడుతున్నారో తెలియదు, కాబట్టి నోటీసు పెట్టి ఎదురుచూడటం తప్ప దారి లేదు. నీకు అన్ని టీముల రెపోలూ (కోడ్ ఉండే చోట్లు) కనపడతాయి కదా? సెర్చ్ కొట్టు, ఎక్కడెక్కడ పిలుస్తున్నారో చూడు, మార్చి పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు మీ కోడ్‌లో కలుపుకోండి అన్న విన్నపం) పంపు. నా ముందుకి టెస్టులు పాసై పచ్చ టిక్ ఉన్న పుల్ రిక్వెస్ట్ వస్తే ఐదు నిమిషాల్లో అప్రూవ్ చేస్తాను. "దయచేసి మైగ్రేట్ అవ్వండి" అనే మెయిల్ వస్తే తర్వాత చూద్దాం అని స్టార్ పెట్టుకుంటాను, ఆ స్టార్లు మూడేళ్ళవి ఉన్నాయి నా దగ్గర.

ఇంకో మాట, ఆ మెయిల్‌లో ఏం రాశావ్? "ఫంక్షన్ పాతబడింది, కొత్తది బాగుంటుంది" అని రాసుంటావు. "మీ రిపోర్టుల్లో ఏడాదికి 132 రోజులు తేదీలు తిరగబడి ఉండొచ్చు" అని రాసుంటే మా మేనేజరే పరిగెత్తుకొచ్చేవాడు.

---

జావా_పెద్దాయన

డాలస్ నుంచి. ఈ పనిలో పాతికేళ్ళు దాటాయి కాబట్టి కాస్త ముసలి సలహా.

డెప్రికేటెడ్ అనే మాటకి రెండు అర్థాలున్నాయి బాబూ, అందరూ కలిపేస్తారు. ఒకటి, "ఇది వాడకండి, ఇంతకంటే మంచిది ఉంది". రెండోది, "ఇది పోతోంది, సర్దుకోండి". మీది తేదీల గొడవ కాబట్టి తేదీల కథే చెప్తాను. జావాలో డేట్ క్లాస్‌కి గెట్‌ఇయర్ అని ఒక మెథడ్ ఉంది. 2024 అడిగితే 124 అంటుంది, 1900 తీసేసి ఇస్తుందన్నమాట. 1997లో 1.1 వచ్చినప్పుడే దాన్ని డెప్రికేట్ చేశారు. ఇవాళ్టికీ ఉంది! దాని తర్వాత క్యాలెండర్ వచ్చింది, 2014లో జావా 8తో మొత్తం కొత్త డేట్-టైమ్ ఏపీఐ (కోడ్ నుంచి పిలిచే ఫంక్షన్ల సెట్) వచ్చింది, అది మాత్రం కదల్లేదు. దాంతో జావా వాళ్ళంతా ఎడిటర్‌లో గీత కొట్టి కనపడే ఆ పేరు చూసి "ఆఁ, ఇదెప్పుడూ ఉండేదేలే" అని అలవాటు పడిపోయారు. చివరికి 2017లో జావా 9తో ఫర్‌రిమూవల్ అని విడిగా ఒక గుర్తు పెట్టాల్సొచ్చింది, అంటే ఈసారి నిజంగానే తీసేస్తాం సుమా అని.

మీ టీములకీ అదే అలవాటై ఉంటుంది. మీ లైబ్రరీలో డెప్రికేటెడ్ అని రాసి ఎప్పటికీ తీయనివి ఇంకెన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి. పది ఉంటే పదకొండోదాన్ని ఎవరు నమ్ముతారు?

అసలు అన్నీ తీయక్కర్లేదని కూడా నా అభిప్రాయం. పేరు బాలేదనో, ఆర్గ్యుమెంట్ల వరుస నచ్చలేదనో అయితే దాన్ని కొత్తదాని మీదకి ఒక్క లైనుతో మళ్ళించి మర్చిపోండి, అది తిండి అడగదు. మీ పార్స్_డేట్ అలా కాదు, అది అబద్ధం చెప్తుంది. అబద్ధం చెప్పేదాన్ని ఉంచకూడదు.

---

పాత_బాకీ

సార్, మీరు చెప్పాక చూశాను. డెప్రికేటెడ్ అని ఉన్నవి పదిహేడు. ఒక్కటి కూడా ఇంతవరకు తీయలేదు. ఇది మొదటిది.

@స్ప్రింట్_బాధితుడు, నువ్వు చెప్పినట్టే సెర్చ్ కొట్టాను అన్నా. రెండు రోజులు పట్టింది, ఎందుకంటే మామూలు సెర్చ్‌కి దొరకనివి బయటపడ్డాయి. మూడు రకాల వాడకాలున్నాయి. ఎక్కువ భాగం మామూలువే, ఫైలు ఏ క్లయింటుదో తెలుసు కాబట్టి ఫార్మాట్ ఏంటో చెప్పొచ్చు, అవి నేనే మార్చేస్తాను. రెండోది, ఒక టీము మా లైబ్రరీని తమ లైబ్రరీలో చుట్టి, మా ఫంక్షన్‌ని తమ పేరుతో బయటికి ఇచ్చింది, ఇంకో మూడు టీములు దాన్ని వాడుతున్నాయి, అది మాదని వాళ్ళకే తెలియదు.

మూడోదే నా మతి పోగొట్టింది. ఒక టీము దీన్ని తేదీ కోసం వాడట్లేదు! నన్ వస్తే ఆ వరస హెడర్ అనో ఖాళీ అనో తేల్చుకుని దాటేస్తున్నారు. వాళ్ళకి తేదీతో పనే లేదు, నన్‌తోనే పని. దీన్ని ఎర్రర్ ఇచ్చేదానితో మారిస్తే వాళ్ళ జాబ్ మొదటి లైన్‌లోనే చచ్చిపోతుంది.

---

సెగ్‌ఫాల్ట్

హైరమ్ సూత్రం అంటారు దాన్ని. గూగుల్‌లో పనిచేసిన హైరమ్ రైట్ అనే ఆయన పేరు మీద వచ్చింది. వాడేవాళ్ళు తగినంత మంది ఉంటే, మీరు డాక్యుమెంట్‌లో ఏం మాటిచ్చారన్నది ఎవరికీ పట్టదు, బయటికి కనపడే ప్రతి లక్షణం మీదా ఎవరో ఒకరు ఇల్లు కట్టుకుని ఉంటారు.

నేను సీ భాష వైపు వాణ్ణి, మా దగ్గర దీనికి పెద్ద కథ ఉంది. మెమరీలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ చేసే మెమ్‌కాపీకి ఇచ్చే రెండు చోట్లూ ఒకదాని మీద ఒకటి పడకూడదని మాన్యువల్‌లో మొదట్నుంచీ ఉంది, పడితే మెమ్‌మూవ్ వాడాలి. చాలామంది పట్టించుకోలేదు, పాత కోడ్ మొదటి నుంచి చివరి దాకా వరసగా కాపీ చేసేది కాబట్టి నడిచిపోయేది. 2010లో లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీలో వేగం కోసం కాపీ చేసే దిక్కు మార్చారు. ఫెడోరా 14 అనే లినక్స్‌లో ఫ్లాష్ ప్లేయర్ సౌండ్ గరగరలాడింది. తప్పెవరిదో మాన్యువల్‌లో స్పష్టంగానే ఉంది, అయినా లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ లాంటివాళ్ళు వాడేవాడికి సౌండ్ రావట్లేదు కదా అని వాదించారు. చివరికి 2.14లో మెమ్‌కాపీకి రెండు రూపాలు పెట్టారు. పాత బైనరీలకి (ముందే కంపైల్ చేసినవాటికి) పాత వెర్షన్ గుర్తుతో మెమ్‌మూవ్‌లా పనిచేసేది దొరుకుతుంది, కొత్తగా కంపైల్ చేసినవాటికి కొత్తది. రెండూ ఒకే లైబ్రరీ ఫైలులో ఉంటాయి.

పైథాన్‌లో మీకు ఆ సుఖం లేదు. ఒక ఎన్విరాన్‌మెంట్‌లో ఒక ప్యాకేజీకి ఒకటే వెర్షన్. మీ చుట్టిన లైబ్రరీ వాళ్ళకి 2 కావాలి, వాళ్ళని వాడేవాళ్ళకి 3 కావాలి, ఇద్దరూ ఒకే చోట ఇన్‌స్టాల్ అవ్వాలంటే కుదరదు. అందుకని 3.0 అని నంబర్ మార్చి తీసేయడం మీకు పనికొచ్చే ఆయుధం కాదు, ఇల్లు అలకగానే పండగ కాదు కదా. పాతదీ కొత్తదీ రెండూ కొంతకాలం ఒకే వెర్షన్‌లో పక్కపక్కన ఉండాలి, కొత్తది కొత్త పేరుతో ఉండాలి. గో భాష వాళ్ళు దీన్నే రూల్ చేసేశారు, మేజర్ వెర్షన్ 2 అయితే ఇంపోర్ట్ దారిలోనే వీ2 అని రావాలి. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ రెండూ ఒకే బిల్డ్‌లో బతుకుతాయి. ఆ లెక్కన మీరు పాతదాన్నే సరిచేయకుండా రీడ్_డేట్ అని వేరే పేరు పెట్టడం మంచి పని. అదే పేరు ఉంచి ప్రవర్తన మార్చి ఉంటే ఇంకా ఘోరంగా ఉండేది.

నన్ వాడేవాళ్ళ కోసం మాత్రం స్ట్రిక్ట్ ఈక్వల్స్ ఫాల్స్ అని ఒక ఆర్గ్యుమెంట్ చేర్చకండి, చేయి జిలపెడుతుంది, తెలుసు. మూడేళ్ళ తర్వాత దాన్ని తీయడానికి మళ్ళీ ఇక్కడికే వస్తారు.

---

పాత_బాకీ

నిజం చెప్పాలంటే స్ట్రిక్ట్ చేర్చేసి కమిట్ కూడా కొట్టాను, ఇది చదివి వెనక్కి తీసుకున్నాను 😀 వాళ్ళకి అసలు కావాల్సింది "ఇది తేదీయేనా" అన్న ప్రశ్న కాబట్టి ఈజ్_డేట్ అని విడిగా రాసిచ్చాను. నాలుగు లైన్లు. ఆర్గ్యుమెంట్లన్నీ పేరు రాసి తీరాల్సినట్టు పెట్టాను, రేపు వరస మార్చాలన్నా భయం ఉండదు.

---

మధ్యాహ్నం_డిప్లాయ్

మళ్ళీ నేనే. తీసేసే రోజు గురించి ఒక ఉపాయం. 2020లో కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ తన ఏపీఐకి పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వడం ఆపేసే ముందు, ముందే ప్రకటించిన రోజుల్లో కొన్ని గంటలు ఆపి మళ్ళీ ఇచ్చింది. మన ఊళ్ళో లైన్ మరమ్మతుకి ముందే చెప్పి కరెంటు తీసినట్టు. మెయిల్ చదవనివాడు కూడా ఆ గంటలో లేస్తాడు, కానీ మళ్ళీ వస్తుంది కాబట్టి ఎవడి కొంపా మునగదు. లైబ్రరీకి గంటల లెక్క కుదరదు గానీ, టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఎర్రర్, ప్రొడక్షన్‌లో (అసలు పని నడిచే చోట) మాత్రం వార్నింగ్ అని ఒక రిలీజ్ చేయొచ్చు. అప్పుడు విరిగేది పగలు, సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపే చోట) విరుగుతుంది, మనుషులు కుర్చీల్లో ఉన్నప్పుడు.

ప్రొడక్షన్‌లో ఎవరు పిలిచారో లాగ్‌లో ఒక లైను రాయించండి. సెర్చ్‌కి దొరకనివి అందులో దొరుకుతాయి. పైథాన్ 3.13కి వెళ్ళాక వార్నింగ్స్ మాడ్యూల్‌లో డెప్రికేటెడ్ అనే డెకరేటర్ (ఫంక్షన్ పైన పెట్టే గుర్తు) ఉంది, అది పెడితే ఎడిటర్‌లోనే పేరు మీద గీత పడుతుంది, టైప్ చెకర్ కూడా చెప్తుంది. రన్ చేసేదాకా ఆగక్కర్లేదు.

---

స్ప్రింట్_బాధితుడు

టెస్ట్‌లో ఎర్రర్ ఇచ్చే ముందు పుల్ రిక్వెస్ట్ పంపు, తర్వాత కాదు. వరస ముఖ్యం 🙏

---

పాత_బాకీ

ఆరు వారాల తర్వాత అప్‌డేట్.

పుల్ రిక్వెస్టులు అందరికీ పంపాను. స్ప్రింట్ అన్న చెప్పినట్టు మెయిల్‌లో మొదటి వాక్యమే 03/04 ఉదాహరణ, వాళ్ళ సొంత ఫైల్లోంచి తీసిన వరసతో. సగం మంది ఆరోజే అప్రూవ్ చేశారు. ఒక టీము మేనేజరు, మొన్న కాల్‌లో నన్ను అరిచినాయనే, పాత డేటాలో ఎన్ని వరసలు తిరగబడ్డాయో లెక్క తీసిమ్మని అడుగుతున్నాడు, అదో కొత్త పని నా నెత్తిన పడింది. ఇంకో టీములో తేదీలు తిరగబడినట్టు వాళ్ళకి ముందే తెలుసట, వాళ్ళ కోడ్‌లో రోజునీ నెలనీ మళ్ళీ తిప్పే ఫంక్షన్ ఒకటి రాసుకున్నారు! మాది సరిచేస్తే వాళ్ళది చెడుతుంది, అందుకని ఆ రెండూ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో తీసేశాం.

లాగ్‌లో ఇంకా ఇద్దరు కనపడుతున్నారు. ఒకటి నెలకోసారి నడిచే జాబ్, 1వ తారీఖు దాకా ఆగాలి. ఇంకోటి ఎవరిదో కనుక్కుంటున్నాను. మిగతా పదహారింటిలో పదకొండింటికి డెప్రికేటెడ్ ముద్ర తీసేశాను, అవి ఎవరికీ హాని చేయట్లేదు, ఉండనీ. 4.0లో పార్స్_డేట్ పిలిస్తే ఎర్రర్‌లోనే రీడ్_డేట్ ఎలా వాడాలో ఉదాహరణతో సహా వస్తుంది. ఆ ఉదాహరణ డాక్‌స్ట్రింగ్‌లో ఉన్నదే పెట్టాను, 25/12/2023.

---

జావా_పెద్దాయన

బాగుంది. ఆ ఉదాహరణ 05/06/2023 అని మార్చండి. 25/12 ఏ ఫార్మాట్‌లో చదివినా ఒక్కలాగే అర్థమవుతుంది, మీ పాత ఫంక్షన్ కూడా దాన్ని కరెక్ట్‌గానే చదివేది.